ఇంటి బడికి ఏడాది ప్రణాళిక: ఏ పద్ధతి ఎవరికి కుదురుతుంది?

పిల్లల్ని ఇంట్లోనే చదివిద్దామనుకున్న కుటుంబాలు సాధారణంగా మొట్టమొదట పుస్తకాలు కొంటాయి. ఆగస్టు వచ్చేసరికి వాటిలో సగం తెరవకుండానే ఉండిపోతాయి. పుస్తకాలు బాగాలేక కాదు. వాటిని పట్టుకుని పిల్లల పక్కన కూర్చునే మనిషికి రోజుకు ఎంత సమయం ఉందో లెక్క చూసుకోకుండా కొన్నందువల్ల. ఎంపికలకు ఒక వరుస ఉంది: పదో తరగతి ఏ బోర్డులో రాయిస్తారు, చెప్పేవాళ్ల చేతిలో ఎన్ని గంటలున్నాయి, ఏ క్యాలెండర్, వారాన్ని ఎలా పంచుతారు. ఇవన్నీ తేలాకే పుస్తకాలు. ఈ వరుస తిరగబడితే ఎంత మంచి పుస్తకమైనా అలమారాలోనే ఉంటుంది.

ముందుగా చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ చెబుతుంది కానీ, చేర్చనివాళ్లకు ఆ చట్టంలో శిక్ష లేదు. అలాగని ఇంటి చదువును పేరుపెట్టి ఒప్పుకున్న సెక్షనూ లేదు. అందుకే బడి బయట ఉన్న పిల్లల సర్వేకి టీచర్లు వచ్చినప్పుడు చూపించడానికి ఇంట్లో రికార్డు ఉండాలి. అదే చట్టంలో నాలుగో సెక్షన్ మనకు పెద్ద ఆసరా. బడికి దూరమైన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని అది చెబుతుంది. కాబట్టి ఎనిమిదో తరగతి దాకా వెనక్కి వెళ్లే దారి తెరిచే ఉంటుంది. తొమ్మిదిలో అది ఇరుకవుతుంది, ఎందుకంటే సీబీఎస్‌ఈ విద్యార్థిని తొమ్మిదో తరగతిలోనే రిజిస్టర్ చేసుకుంటుంది. నేరుగా పదిలో చేర్చుదామంటే సీటు దొరకడం చాలా కష్టం. బడికి పంపాలా, ఇంట్లోనే కొనసాగించాలా అన్నది ఎనిమిదో తరగతి మధ్యలోనే తేల్చుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. తల్లికి వందనం డబ్బు బడి హాజరుతో ముడిపడి ఉంది, ఇంట్లో చదివే పిల్లలకు అది రాదు.

పదో తరగతి ఎక్కడ రాయించాలి

చాలామందికి వాస్తవంగా ఉన్నవి మూడు దారులు: ఎన్‌ఐఓఎస్, మన రాష్ట్రాల సార్వత్రిక విద్యాపీఠాలు (ఓపెన్ స్కూళ్లు), కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ అనే అంతర్జాతీయ పదో తరగతి పరీక్ష.

ఎన్‌ఐఓఎస్ అంటే 1989లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ సార్వత్రిక పాఠశాల. పదో తరగతికి చేరాలంటే పిల్లలకు 14 ఏళ్లు నిండాలి. కనీసం ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి, వాటిలో ఒక భాష తప్పనిసరి. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లోనూ అక్టోబర్-నవంబర్ నెలల్లోనూ జరుగుతాయి. ఒకసారి చేరితే రిజిస్ట్రేషన్ ఐదేళ్లు నిలుస్తుంది, ఆ లోపు తొమ్మిది అవకాశాలుంటాయి. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాల్సిన పని లేదు. అక్టోబర్లో రెండు, ఏప్రిల్లో మూడు రాయొచ్చు. ఇంటి చదువు పిల్లలకు దీనివల్ల కలిగే మేలు ఇంతా అంతా కాదు. ఒక సీజనంతా గణితం, సైన్స్ మీద కూర్చుని వాటిని ముగించి, మిగతావి ప్రశాంతంగా మొదలుపెట్టొచ్చు. తెలుగు మాధ్యమంలోనూ రాయొచ్చు.

ఇందులో తల్లిదండ్రులు తప్పటడుగు వేసే చోట్లు మూడు. మొదటిది టీఎంఏ, అంటే ట్యూటర్ దిద్దే అసైన్‌మెంట్. దీనికి 20 శాతం వెయిటేజీ ఉంది. పబ్లిక్ పరీక్ష మీదే దృష్టి పెట్టి దీన్ని ఆఖరి వారానికి వదిలేస్తే గడువు దాటిపోతుంది, చేతికందిన మార్కులు పోతాయి. రెండోది సైన్స్ ప్రాక్టికల్స్. అవి స్టడీ సెంటర్లో చేయాలి, కాబట్టి ఫారంలో సెంటర్ ఎంచుకునేటప్పుడే అక్కడ ల్యాబ్ నిజంగా నడుస్తోందో లేదో స్వయంగా వెళ్లి చూడాలి. మూడోది గణితం. ఎన్‌ఐఓఎస్‌లో గణితం తీసుకోకుండానే పది గట్టెక్కొచ్చు. లెక్కలంటే భయపడే పిల్లలకు అది ఊరటే. కానీ ఇంటర్లో ఎంపీసీకి వెళ్లే ఆలోచన ఏ మూల ఉన్నా గణితాన్ని వదలకండి.

తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం కూడా 14 ఏళ్లు నిండినవాళ్లను పదిలో చేర్చుకుంటాయి. వీటిలో పెద్ద సౌకర్యం దగ్గరితనం. స్టడీ సెంటర్ మండలంలోనే ఏదో ప్రభుత్వ హైస్కూల్లో ఉంటుంది, పాఠాలు తెలుగులో ఉంటాయి, ఇంటర్ కాలేజీ గుమస్తాకు ఆ సర్టిఫికెట్ పరిచయమే. చదువు ఆగిపోయి తిరిగి మొదలుపెట్టే పెద్దవాళ్లను కూడా దృష్టిలో పెట్టుకుని నడిచే వ్యవస్థ ఇది. సెంటర్లో చెప్పే పాఠాల నుంచి ఎక్కువ ఆశించకుండా, ఇంట్లోనే పూర్తిగా సిద్ధం చేయగలిగితే ఏ ఇబ్బందీ లేదు. పల్లెలోనో చిన్న పట్టణంలోనో ఉండి, తర్వాత మన రాష్ట్రంలోనే ఇంటర్ చదివించాలనుకునే కుటుంబానికి ఇది చాలు. వేరే రాష్ట్రానికి బదిలీ అయ్యే ఉద్యోగమైతే ఎన్‌ఐఓఎస్ మేలు.

ఐజీసీఎస్‌ఈ ఖర్చుతో కూడుకున్నది. ఫీజు సబ్జెక్టు లెక్కన కట్టాలి. ప్రైవేటు అభ్యర్థుల్ని ఒప్పుకునే పరీక్షా కేంద్రాన్ని మనమే వెతుక్కోవాలి, చాలా కేంబ్రిడ్జ్ స్కూళ్లు తమ విద్యార్థుల్ని తప్ప వేరేవాళ్లను తీసుకోవు. మన దేశంలో మార్చి, మే-జూన్, అక్టోబర్-నవంబర్ సీజన్లున్నాయి. మే-జూన్ పరీక్షకు ఫిబ్రవరిలోనే ఎంట్రీలు ముగుస్తాయి, కేంద్రాలు సొంత గడువును ఇంకా ముందే పెడతాయి. ల్యాబ్ లేనివాళ్లకు సైన్స్ సబ్జెక్టుల్లో ప్రాక్టికల్ బదులు రాసే పేపర్ ఉండటం ఇందులో మంచి సంగతి. తర్వాత ఇక్కడే ఇంటర్లో చేర్చాలంటే మాత్రం సమానత్వ ధ్రువపత్రం, అంటే ఇది మన పదో తరగతికి సమానమని చెప్పే కాగితం, తెచ్చుకునే పని తగులుకుంటుంది. విదేశీ యూనివర్సిటీ ఆలోచన గట్టిగా ఉన్న కుటుంబానికే దీన్ని సూచిస్తాం. పిల్ల ఇంగ్లిష్ బాగుపడుతుందన్న ఒక్క కారణంతో ఇంత ఖర్చు పెట్టనక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల వాళ్లకు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం స్థానిక అభ్యర్థి హోదా, అంటే కాలేజీ సీట్లలో స్థానికుల కోటాకు అర్హత. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద వచ్చిన 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివారా అని చూస్తారు. ఏ విద్యాసంస్థలోనూ చదవని కాలానికి అక్కడ నివసించారా అని చూస్తారు. అంటే ఇంటి చదువు పిల్లలకు నివాస రుజువే ఆధారం. తెలంగాణలో వైద్య సీట్లకు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలో చదివి ఉండాలన్న నియమం ఇంకా గట్టిది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇందుకు రెండు జాగ్రత్తలు చాలు. తహసీల్దారు ఇచ్చే నివాస పత్రం మీసేవలో తీసుకుని దాచండి. తొమ్మిది నుంచి స్టడీ సెంటర్‌ను సొంత రాష్ట్రంలోనే పెట్టుకోండి. ఫీజు తక్కువని, సులువుగా పాస్ చేయిస్తారని ఎవరో చెబితే పక్క రాష్ట్రంలో సెంటర్ తీసుకున్న కుటుంబాలు కౌన్సెలింగ్ రోజున ఇరుక్కుంటాయి.

గంటల లెక్క

విద్యాహక్కు చట్టం బడికి పెట్టిన కొలత ఇది: ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు, 1000 గంటలు. రోజుకు నాలుగు నుంచి నాలుగున్నర గంటలన్నమాట. అది ముప్పై నలభై మంది ఉన్న గదికి వేసిన లెక్క. ఇంట్లో ఒకరిద్దరికి చెప్పేటప్పుడు అంత అక్కర్లేదు. ఒకటి, రెండు తరగతుల వయసుకు రోజుకు గంటన్నర, మూడు నుంచి ఐదుకు రెండున్నర, ఆరు నుంచి ఎనిమిదికి మూడున్నర నుంచి నాలుగు గంటల కూర్చుని చేసే పని చాలు. చదివి వినిపించే కథలు, వంటింట్లో కొలతలు, సంగీతం, ఆటలు దీనికి అదనం.

అయితే అసలు ఇరుకు పిల్లల గంటల్లో కాదు, పెద్దవాళ్ల గంటల్లో. ఎనిమిదేళ్ల పిల్లకు, పదకొండేళ్ల పిల్లాడికి గణితం, భాష రెండూ పక్కన కూర్చుని చెప్పాలంటే ఒక్కోటి 25 నిమిషాల చొప్పున నాలుగు విడతలు, మొత్తం 100 నిమిషాలు. మధ్యలో ఫోను, పొయ్యి మీద కూర, డెలివరీ అబ్బాయి లేని 100 నిమిషాలు. వారం రోజులు ఒక కాగితం మీద మీకు నిజంగా దొరికే నిమిషాలు రాసి చూడండి. అంచనా వేయొద్దు, గడియారం చూసి రాయండి. వారానికి పది గంటలకంటే తక్కువ తేలితే, పిల్లలు సొంతంగా చదువుకుని చేసే రకం పుస్తకాలు, వారానికి నాలుగు రోజుల క్యాలెండర్ ఎంచుకోవాలి. పదిహేను దాటితే ఏ పద్ధతైనా నడుస్తుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది వరకు ఒకరు, రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు ఇంకొకరు పంచుకుంటే ఐదు రోజుల్లో పన్నెండున్నర గంటలవుతాయి. గణితం ఉదయానికే పెట్టండి. రాత్రి పూట భిన్నాలు చెబితే ఇద్దరికీ విసుగు.

తాతయ్య, అమ్మమ్మ ఇంట్లో ఉంటే వాళ్ల సమయాన్నీ లెక్కలో వేసుకోవచ్చు. కానీ "చూస్తుంటారులే" అని కాకుండా ఒక సబ్జెక్టు పూర్తిగా అప్పగిస్తేనే అది నిలబడుతుంది. తెలుగు చదవడం, వేమన, సుమతీ పద్యాలు, ఎక్కాలు వాళ్ల చేతిలో బాగా సాగుతాయి.

క్యాలెండర్

మన రాష్ట్రాల్లో బడులు మామూలుగా జూన్ 12న తెరిచి ఏప్రిల్ 23, 24 వరకు నడుస్తాయి. మధ్యలో దసరా, సంక్రాంతి సెలవులు. దీన్నే పాటిస్తే చుట్టుపక్కల పిల్లలు ఖాళీగా ఉన్నప్పుడు మనవాళ్లూ ఖాళీ, ఊళ్లో పిన్ని పిల్లలు వచ్చినప్పుడు పుస్తకాలు మూసేయొచ్చు. వచ్చే ఏడాది బడికి పంపే ఆలోచన ఉంటే ఇదే సరి. లోపం వేసవి: ఏడు వారాల ఖాళీ తర్వాత జూన్‌లో ఎక్కాలు, గుణింతాలు మళ్లీ మొదటి నుంచి. వేసవిలో రోజూ 20 నిమిషాల చదవడం, పది లెక్కలు ఉంచితే ఆ లోపం తగ్గిపోతుంది.

రెండోది ఆరు వారాలు చదువు, ఒక వారం విరామం. ఇలాంటి చుట్లు ఆరు వేస్తే 36 వారాల చదువు, 180 రోజులు. విరామాలతో కలిపి 42 వారాలు గడుస్తాయి, ఇంకా పది వారాలు చేతిలో ఉంటాయి. దసరా, సంక్రాంతి, మే ఎండలు, పెళ్లిళ్లు, వైరల్ జ్వరాలు అన్నీ ఆ పదిలో పడతాయి. మేమైతే కొత్తగా మొదలుపెట్టే కుటుంబానికి దీన్నే చెబుతాం. ఆరో వారం చివర వచ్చే విరామం పిల్లల కోసమే కాదు. ఏది నడుస్తోందో, ఏది కుంటుతోందో చూసి మార్చుకోవడానికి పెద్దవాళ్లకు దొరికే ఖాళీ అది. విరామ వారాన్ని వెనకబడిన పాఠాలతో నింపేస్తే మాత్రం మూడో చుట్టుకల్లా ఇంటిల్లిపాదీ అలసిపోతారు.

మూడోది వారానికి నాలుగు రోజులు, 45 వారాలు. ఇదీ 180 రోజులే. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు, వారంలో ఒకరోజు సంగీతం, ఈత, క్రికెట్ కోచింగ్‌కు దూరం వెళ్లాల్సిన పిల్లలకు బాగుంటుంది. ఐదో రోజు గ్రంథాలయం, రైతుబజారు, మ్యూజియం. దీనిలో చిక్కేమిటంటే నాలుగు రోజుల్లో ఒకటి పోయినా ఆ వారం పావు వంతు పోయినట్టే. ఐదో రోజును ఎప్పటికప్పుడు చదువుతో భర్తీ చేయక తప్పదు.

వారాన్ని పంచడం

ప్రణాళిక విరిగేది సాధారణంగా ఇక్కడే, కాబట్టి నిదానంగా చూద్దాం.

మొదటి రకం బడి టైంటేబుల్: తొమ్మిదికి గణితం, తొమ్మిది నలభైకి ఇంగ్లిష్, పది ఇరవైకి సైన్స్. కాగితం మీద చక్కగా కనిపిస్తుంది. పదేళ్లు దాటి, గడియారం చూసి సొంతంగా పని మొదలుపెట్టగలిగిన పిల్లలకు పనికొస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం కరెంటు పోయినా, గ్యాస్ సిలిండర్ వచ్చినా ఒక పీరియడ్ పోతుంది. పోయేది ఎప్పుడూ చివరి పీరియడే. అందుకే టైంటేబుల్ నడిపే ఇళ్లలో హిందీ, సాంఘికం, బొమ్మలు ఏడాది చివర వెనకబడి కనిపిస్తాయి. గణితం మాత్రం ముందుంటుంది.

ఆ లోపాన్ని సరిచేసేది చుట్టు పద్ధతి, దీన్నే ఇంటి చదువు కుటుంబాలు లూప్ అంటాయి. గణితం, తెలుగు, ఇంగ్లిష్ రోజూ ఉంటాయి, వాటికి చుట్టు లేదు. మిగిలినవి ఒక వరుసలో రాసుకోవాలి: సైన్స్, హిందీ, సాంఘికం, హిందీ, సైన్స్, బొమ్మలు. రోజుకు ఒకటి, కుదిరితే రెండు. ఎక్కడ ఆగితే రేపు అక్కడి నుంచే. మంగళవారం పోతే మంగళవారం సబ్జెక్టు పోదు, బుధవారానికి జరుగుతుంది. ఏది ఎక్కువసార్లు కావాలో దాన్ని వరుసలో రెండుసార్లు రాస్తే సరిపోతుంది. వారానికి ఐదు గళ్లు, 36 వారాలు అంటే ఏడాదికి 180 గళ్లు. పైన రాసిన ఆరు పేర్ల వరుస వాటిలో 30 సార్లు తిరుగుతుంది. అంటే సైన్స్‌కు 60, హిందీకి 60, సాంఘికానికి 30, బొమ్మలకు 30 గళ్లు. సాంఘికం 30 గళ్లలో అవుతుందా? ఏడో తరగతికి కాదు. అప్పుడు బొమ్మల్ని ఐదో రోజు సాయంత్రానికి మార్చి ఆ గడి సాంఘికానికి ఇవ్వాలి. ఈ లెక్క జూన్‌లోనే వేసుకుంటే ఫిబ్రవరిలో కంగారుండదు.

మూడోది బ్లాక్ పద్ధతి. ఆరు వారాలు సైన్స్ ఒక్కటే, తర్వాతి ఆరు సాంఘికం ఒక్కటే. చిక్కుడు గింజ మొలకెత్తి తీగ పట్టేదాకా చూడటం, కాకతీయుల గురించి చదువుతూ వరంగల్ కోట, రామప్ప గుడి చూసి రావడం లాంటివి ఈ పద్ధతిలో నిండుగా సాగుతాయి. తెచ్చిన సామాను ఒకేసారి వాడి సర్దేయొచ్చు. అయితే గణితాన్నీ భాషల్నీ ఎప్పుడూ బ్లాక్‌లో పెట్టకండి. ఆరు వారాలు హిందీ ముట్టుకోకపోతే పిల్లలు మాత్రలు (గుణింతపు గుర్తులు) మర్చిపోతారు. ఆరు వారాలు గణితం లేకపోతే భాగహారం మళ్లీ చెప్పాలి. భాషలు, గణితం రోజూ, సైన్స్ సాంఘికం బ్లాకుల్లో అన్న మిశ్రమం మూడు నుంచి ఏడో తరగతి వయసు దాకా చాలా ఇళ్లలో కుదురుతుంది.

ఇద్దరు పిల్లలుంటే సైన్స్, సాంఘికం, కథల చదువు కలిపి చెప్పండి. గణితం, భాషలు విడివిడిగా. తేడా మూడేళ్ల లోపుంటే కలిపిన పాఠం బాగా నడుస్తుంది. చిన్నది బొమ్మ గీసి పేర్లు రాస్తుంది, పెద్దవాడు ఒక పేజీ రాస్తాడు. తేడా నాలుగేళ్లు దాటితే పెద్దవాడికి పాఠం పలచబడిపోతుంది.

ఏ పద్ధతైనా ఒక నియమం మాత్రం తప్పనిసరి. ఏడాది ప్రణాళికలో తేదీలు రాయొద్దు, వారం సంఖ్యలే రాయండి. జూన్ నుంచి ఏప్రిల్ దాకా ప్రతి పాఠానికీ తేదీ వేసుకున్న ప్రణాళిక, మొదటి జ్వరంతోనే అబద్ధమైపోతుంది. దాన్ని ఒకటి రెండుసార్లు తిరగరాస్తారు, మూడోసారి పక్కన పడేస్తారు. 14 పాఠాల గణితం పుస్తకాన్ని ఇలా పంచొచ్చు: 36 వారాల్లో ఆరింటిని ముందే ఖాళీగా ఉంచండి, ప్రతి ఆరు వారాల చుట్టుకు చివర ఒకటి చొప్పున. మిగిలిన 30లో పాఠానికి రెండు వారాలంటే 28. చివరి రెండు వారాలు ఆ ఏడాది బరువైన పాఠాలకు, ఉదాహరణకు భిన్నాలకు ఒకటి, పూర్ణసంఖ్యలకు ఒకటి. ఐదో పాఠం పదో వారంలో మొదలవ్వాలి. పన్నెండులో మొదలైతే రెండు వారాలు వెనకున్నారని వెంటనే తెలుస్తుంది, ఖాళీ వారాలు దాన్ని మింగేస్తాయి. తేదీ రాసేది పని పూర్తయ్యాక, డైరీలో మాత్రమే.

ఇప్పుడు పుస్తకాలు

రాష్ట్ర ప్రభుత్వ పుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి, ఎడమ పేజీలో ఒక భాష, ఎదురు పేజీలో రెండోది. పీడీఎఫ్‌లు ఉచితం. ఇంగ్లిష్ అంతంతమాత్రం వచ్చిన తల్లి కూడా తెలుగు పేజీ చదివి సైన్స్ చెప్పగలదు, పిల్ల ఇంగ్లిష్ పేజీలో మాటలు నేర్చుకుంటుంది. సాంఘికంలో మన నదులు, మన పంటలు, మన పంచాయతీ కనబడతాయి. ఐదో తరగతి దాకా ఎవరికైనా ముందు వీటినే సూచిస్తాం.

జాతీయ స్థాయి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల అవసరం ఆరో తరగతి నుంచి పెరుగుతుంది, జేఈఈ, నీట్ లాంటి పరీక్షలకు పునాది అవే. పాత పుస్తకాలు, 2023 నుంచి తరగతులవారీగా వస్తున్న కొత్తవి ఒకదానికొకటి సరిపోవు. పాత పుస్తకాల షాపులో ఆరో తరగతిది, కొత్తగా అచ్చయిన ఏడో తరగతిది కలిపి వాడితే కొన్ని అంశాలు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. కొనేముందు అట్ట వెనక ముద్రణ సంవత్సరం చూడండి.

ఎన్‌ఐఓఎస్ సొంత పుస్తకాలు, టీచరు లేకుండా చదువుకునేలా రాసినవి. పాఠం మధ్యలోనే ప్రశ్నలు, చివర జవాబులు ఉంటాయి. పెద్దవాళ్ల సమయం తక్కువున్న ఇంటికి ఇవి నప్పుతాయి. ఎన్‌ఐఓఎస్‌లోనే చిన్న తరగతులకు ఓబీఈ (ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్) ఉంది: ఏ స్థాయి మూడో తరగతికి, బీ ఐదుకు, సీ ఎనిమిదికి సమానం. ఎనిమిదో తరగతి దాకా చదివిన రుజువు కాగితం మీద కావాలనుకునేవాళ్లకు సీ స్థాయి సర్టిఫికెట్ పనికొస్తుంది.

విదేశీ పాఠ్య ప్యాకేజీలు ముచ్చటగా ఉంటాయి, రోజువారీ ప్రణాళిక రాసే ఉంటుంది కాబట్టి కొత్త తల్లిదండ్రులకు ధైర్యం. కానీ లెక్కల్లో డాలర్లు, అంగుళాలు, పౌండ్లు. లక్షలు, కోట్ల చోట మిలియన్లు. ఐదో తరగతి పిల్లకు 12,34,567లో కామా ఎక్కడ పడాలో తెలియకుండా పోతుంది. చరిత్ర పూర్తిగా వాళ్లది. కొనాలనిపిస్తే ఇంగ్లిష్ పఠనం, సైన్స్ ప్రయోగాలవి మాత్రం కొని, గణితం, సాంఘికం మన పుస్తకాలతో నడపండి.

ఏది తీసుకున్నా జూన్‌లో గణితం, భాషల పుస్తకాలే కొనండి. మిగిలిన వాటి మొదటి పాఠం పీడీఎఫ్ నుంచి ప్రింట్ తీసి రెండు వారాలు నడిపి చూడండి. పిల్ల ప్రతి పేరాకూ మీ సాయం అడుగుతుంటే ఆ పుస్తకం ఒక మెట్టు ఎక్కువ. నచ్చితే మొత్తం జిరాక్స్ షాపులో రెండు వైపులా తీయించి స్పైరల్ చేయిస్తే చాలు.

రికార్డు

యాప్, ఎక్సెల్ షీటు, నోటు పుస్తకం మూడింటిలో ఏడాది చివరిదాకా నిలిచేది నోటు పుస్తకమే, ఎందుకంటే అది బల్ల మీదే ఉంటుంది. పిల్లకొక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, రోజుకు నాలుగు గీతలు: తేదీ, ఏం చేశాం, ఎంతసేపు, ఎక్కడ తడబడింది. ఆరు వారాలకొకసారి సబ్జెక్టుకు ఒక మంచి పేజీ, ఒక తప్పులున్న పేజీ తీసి ఫైల్లో పెట్టండి. తప్పులున్న పేజీ ఎందుకంటే, ఎదుగుదల కనబడేది దానితోనే. బడివాళ్లు చేర్చుకునేముందు అడిగినా అదే చూపించాలి.

ఇంకో ఫైల్లో పుట్టిన తేదీ పత్రం, ఆధార్, టీసీ, చివరి ప్రోగ్రెస్ కార్డు, బడిలో ఇచ్చిన పెన్ నంబరు (విద్యార్థి శాశ్వత సంఖ్య), కుల, నివాస పత్రాలు. వీటిలో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మన తెలుగు పిల్లల పత్రాల్లో మామూలు. పదో తరగతి ఫారం నింపే నెలలో దీన్ని సవరించడానికి తిరిగితే గడువు చేయి దాటిపోతుంది. పదమూడో ఏటే సరిచేయించండి.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు రికార్డు ఎంత కావాలన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్, న్యూజెర్సీల్లో ముందుగా తెలియజేయాల్సిన పని లేదు. పెన్సిల్వేనియాలో ఆగస్టు 1 లోపు అఫిడవిట్ ఇవ్వాలి, 180 రోజులు గానీ ప్రాథమిక స్థాయిలో 900, ఉన్నత స్థాయిలో 990 గంటలు గానీ చూపించాలి, పోర్ట్‌ఫోలియోను మదింపు చేయించాలి. న్యూయార్క్‌లో మూడు నెలలకొక నివేదిక. ఏడాది మధ్యలో ఇండియా తిరిగి రావాలనుకుంటే తెలుగు, హిందీ రాయడం కనీసం ఆర్నెల్ల ముందు మొదలుపెట్టండి. ఇక్కడి బడుల్లో ప్రవేశం కష్టమయ్యేది గణితం దగ్గర కాదు, రెండో భాష దగ్గర.

ఎప్పుడు మార్చాలి

మూడో వారంలో ఏదీ మార్చకండి, అప్పుడు అన్నీ కష్టంగానే ఉంటాయి. మొదటి విరామంలో, అంటే ఆరు వారాల తర్వాత, వారాన్ని పంచిన తీరు మార్చొచ్చు. పుస్తకం మార్చాలంటే పన్నెండో వారం దాకా చూడండి. అప్పటికీ ఒక సబ్జెక్టు దగ్గర రోజూ ఏడుపే అయితే పుస్తకం తీసేయండి, సబ్జెక్టును కాదు. బోర్డు ఎంపిక మాత్రం ఏడాది మధ్యలో కదపకూడదు. తిరిగి బడిలో చేర్చాలనుకుంటే జనవరిలోనే నాలుగైదు బడులు చూసి, ఏ పుస్తకాల మీద ప్రవేశ పరీక్ష పెడతారో అడగండి. చివరి రెండు చుట్లూ ఆ పుస్తకాలతోనే నడపండి, వారానికొకసారి గడియారం పెట్టి ఒక పేపర్ రాయించండి. ఇంట్లో చదివిన పిల్లలకు జవాబు తెలిసినా, గంటలో పది ప్రశ్నలు రాసి ముగించే అలవాటు తక్కువ. దానికి ఎనిమిది నుంచి పది పేపర్ల సాధన కావాలి.